కీలు లేని రెక్క

గద్ద కిందికి దిగడం మీరెప్పుడైనా నిదానంగా చూశారా? మీ పిల్లలకు చూపించారా?

మా ఎడపల్లి చుట్టుపక్కల దీన్ని చూడాలంటే వరికోతల కాలం మంచిది. కోత మిషను మడిలో తిరుగుతుంటే దాని వెనుక తెల్లకొంగలు నడుస్తుంటాయి. పైన గద్దలు చుట్లు కొడుతుంటాయి. ఎలుక కంటబడగానే గద్ద జారుతూ వస్తుంది. నేల దగ్గరపడగానే రెక్క ముందుభాగాన్ని పైకెత్తుతుంది, వెనుక అంచును కిందికి వంచుతుంది, చీలిన తోకను విసనకర్రలా పరచి ఒక పక్కకు తిప్పుతుంది. ఇదంతా మనం రెప్ప వేసేలోపే అయిపోతుంది. రెక్కలో ఎక్కడా సందు కనబడదు, చప్పుడు వినబడదు.

ఇప్పుడు గల్ఫు దేశాలకు పోయివచ్చిన మన సహోదరులను అడగండి. నిజామాబాదు జిల్లాలో అలాంటివారు లేని ఊరు అరుదు గదా! విమానంలో రెక్క పక్కన కిటికీ దగ్గర కూర్చున్నవారు ఒక సంగతి చెబుతారు. విమానం దిగబోయే ముందు గుయ్యిమని మోత వస్తుంది. రెక్క వెనుక అంచున ఉన్న పెద్ద పెద్ద పలకలు బయటికి జరిగి కిందికి వాలతాయి. వాటిని ఫ్లాపులు అంటారు. పలకకూ రెక్కకూ మధ్య సందులు పడతాయి. ఆ సందుల్లోంచి గాలి ఈలలు వేస్తూ పోతుంది. గద్ద చేసిన పనినే విమానమూ చేస్తోంది. అయితే గద్ద వంచుతుంది, విమానం కీలు మీద తిప్పుతుంది. ఈ నెల వ్యాసమంతా ఈ తేడా గురించే.

పక్షి రెక్కలో అసలు కీళ్ళే లేవని ఎవరూ అనుకోవద్దు. మన చేతికున్నట్టే దానికీ భుజం, మోచేయి, మణికట్టు ఉన్నాయి. కోడిని కోసే ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. అయితే గాలికి తగిలే పైభాగంలో మాత్రం అతుకు లేదు. ఎముకలు లోపల ఎలా మడిచినా, పైన ఈకలు ఒకదానిమీద ఒకటి జరుగుతూ ఒకే నున్నటి పలకలా నిలబడతాయి.

ఈ విషయం ఎత్తడానికి కారణం ఉంది. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ కర్మాగారం మీద, దానికి చెరకు తోలే బండ్ల మీద, ఆ బండ్లు బాగుచేసే కొలిమిల మీద బ్రతికిన కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. యంత్రాలతో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఒక ఫిట్టరు కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ ముగించాడు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం దొరికే వీలుంది. కానీ ఆ అబ్బాయి పక్షిలా రెక్కలాడించి ఎగిరే యంత్రాల మీద పరిశోధన చేస్తానంటాడు. వెదురు పుల్లలు, పాలిథిన్ కాగితం, చిన్న మోటారు పెట్టి ఇంట్లో రెక్కలు కడుతుంటాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తండ్రి నా దగ్గర ఆగాడు.

“అయ్యగారూ, మీరన్నా జెప్పుండ్రి వానికి. గా పిట్టల బొమ్మలు జేస్తే ఏమొస్తది? మిషిన్లను నమ్ముకున్న నా బతుకు వాడు సూడలేదా?”

ఆయన మాటలో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. భయపడటానికి ఆయనకు హక్కు ఉంది. అందుకే అబ్బాయికి బుద్ధి చెప్పడానికి తొందరపడకుండా, ఈ పని ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు చేశారు, ఎంతకాలం పట్టింది అని చదివి తెలుసుకున్నాను. తెలిసిన సంగతులు ఇలాంటి తల్లిదండ్రులందరికీ పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

బిషప్పుగారి కొడుకులు

రైట్ సోదరుల తండ్రి మిల్టన్ రైట్ ఒక బిషప్పు. యునైటెడ్ బ్రెదరెన్ ఇన్ క్రైస్ట్ అనే సంఘానికి చెందినవాడు. మన ప్రసంగాల్లో ఆయన గురించి ఒక కథ తరచూ వినబడుతుంది. ‘మనుషులు ఎగరడం అసాధ్యం, అది దేవదూతల పని’ అని ఆయన అన్నాడనీ, ఆయన కొడుకులే విమానం కనిపెట్టారనీ చెప్పి జనాన్ని నవ్విస్తారు. ఆ కథను నమ్మడానికి ఆధారం లేదు. ఆధారం ఉన్న సంగతులు వేరుగా ఉన్నాయి. 1878లో ఆ తండ్రి ప్రయాణంనుంచి తిరిగి వస్తూ పిల్లలకు ఒక ఆటబొమ్మ తెచ్చాడు. బెండు, వెదురు, కాగితం, రబ్బరు పట్టీతో చేసిన ఎగిరే బొమ్మ అది. అప్పుడు విల్బర్‌కు 11 ఏళ్ళు, ఆర్విల్‌కు 7. తమకు ఎగరడం మీద మనసు పడింది ఆ బొమ్మతోనే అని వాళ్ళే తరువాత చెప్పుకున్నారు. ఇంటినిండా పుస్తకాలు ఉంచి, ఏది కావాలంటే అది చదువుకొమ్మని వదిలిపెట్టిన తండ్రి ఆయన. ఇద్దరిలో ఒక్కరూ కాలేజీకి పోలేదు. సైకిళ్ళ దుకాణం నడుపుకున్నారు.

వాళ్ళు పక్షుల్ని గంటల తరబడి చూసేవారు. గాలికి ఒరిగిన పక్షి తిరిగి సరిగా నిలబడడానికి రెక్క చివరలను మెలిపెడుతుందని విల్బర్ గుర్తించాడు. 1899లో ఒకరోజు దుకాణంలో సైకిలు ట్యూబు వచ్చిన అట్టపెట్టెను చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ మెలిపెడుతుంటే, రెక్కను కూడా ఇలాగే మెలిపెట్టవచ్చు గదా అని తోచింది. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ ఇసుకలో ఎగిరిన ఆ మొదటి విమానం రెక్కలకు కీళ్ళ పలకలు లేవు. తాళ్ళతో లాగితే గుడ్డ, కర్ర కలిసి మెలితిరిగేవి. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. అంటే మన ఊరి బడి ఆవరణ దాటనంత దూరం.

తరువాత విమానాలు బరువెక్కాయి, వేగం పెరిగింది. రెక్కలు లోహంతో బిగుసుకుపోయాయి. బిగుసుకున్న రెక్క మెలితిరగదు గనుక వెనుక అంచును కోసి, కీలు బిగించి, పలకను తిప్పడం మొదలుపెట్టారు. పక్షిని చూసి నేర్చుకున్న పాఠాన్ని అలా పక్కన పెట్టేశారు.

కీలు ఉన్నచోట ఏమవుతుందో చెరకు పండించే మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. బెల్లం గానుగ ఆడించినవారికి తెలుసు, బండి ఇరుసుకు కందెన పూసినవారికి తెలుసు. రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి తిరిగేచోట సందు ఉండాలి. సందు ఉన్నచోట దుమ్ము చేరుతుంది. నూనె పోయాలి. ఎంత పోసినా అరుగుతుంది. అరిగితే ఊగుతుంది, ఊగితే మోత పుడుతుంది, చివరికి ముక్క మార్చాలి. చక్కెర మిల్లులో ఫిట్టర్ల జీవితంలో సగం ఈ పనికే పోయింది.

కీలు లేకుండా వంగి పనిచేసే వస్తువులు మన ఇళ్ళలోనే ఉన్నాయి, పేరు పెట్టి చూడం, అంతే. ఒకే ఇనుప రేకును మధ్యకు వంచి చేసిన చిమటా చూడండి. నొక్కితే పట్టుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. అందులో మేకు లేదు, స్ప్రింగు లేదు. షాంపూ డబ్బా మూతను వెయ్యిసార్లు తెరిచి మూసినా డబ్బానుంచి ఊడదు, ఎందుకంటే అక్కడ ప్లాస్టిక్కునే పలచగా చేసి వంగేలా వదిలారు. వేటగాడి విల్లు వీటన్నిటికంటే పాతది.

ఉస్మానియానుంచి మిషిగాన్‌కు

ఈ చిమటా విద్యను విమానం రెక్క దాకా తీసుకుపోయినవారిలో ముఖ్యుడు మన హైదరాబాదులో చదువుకున్న మనిషే. ఆయన పేరు శ్రీధర్ కోట. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1980లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో పైచదువు చదివి, 1988లో డాక్టరేటు పొందారు. మిషిగాన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడయ్యారు.

ఆయన వేసుకున్న ప్రశ్న వినడానికి చిన్నది. ఇంజనీర్లు యంత్రం చేయాలంటే గట్టి ముక్కలు తెచ్చి కీళ్ళతో కలుపుతారు. చెట్టుకొమ్మ, పక్షి రెక్క, ఏనుగు తొండం మాత్రం బలంగా ఉంటూనే వంగుతాయి. మన యంత్రాలు ఎందుకు అలా ఉండకూడదు? వంగేదైతే బలహీనమని మనం అనుకుంటాం. ఆ రెండూ వేరువేరు సంగతులని ఆయన వాదన. ఒకేచోట ఎక్కువ వంచితే ఏదైనా విరుగుతుంది. అదే వంపును వస్తువు అంతటికీ కొంచెం కొంచెం పంచిపెడితే ఏ ఒక్కచోటా భారం పడదు. తుఫానులో వెదురు నిలబడేది ఇందుకే. ఎక్కడ ఎంత మందం ఉండాలి, లోపల పుల్లలు ఎటు పోవాలి అనేది లెక్కకట్టడమే అసలు కష్టం. ఆ లెక్కకే ఏళ్ళు పట్టాయి. మిషిగాన్‌లో ఆయన శిష్యులు 1990లలో కాగితాలు కుట్టే స్టేప్లరును ఒకే ముక్కతో చేసి చూపించారు. అదీ ఒక ఆటబొమ్మలాగే కనబడి ఉంటుంది చూసినవారికి!

ఆయన ఫ్లెక్స్‌సిస్ అనే చిన్న కంపెనీ పెట్టి రెక్క మీద పని చేశారు. 2006లో కాలిఫోర్నియాలోని మొహావీలో వైట్ నైట్ అనే విమానం పొట్ట కింద, వంగే రెక్క ముక్కను కట్టి ఎగరేసి పరీక్షించారు. మధ్యలో 2009నుంచి 2012 వరకు అమెరికా అధ్యక్ష భవనంలోని శాస్త్ర సాంకేతిక విధాన కార్యాలయంలో పనిచేశారు. 2011లో ప్రకటించిన ఆ దేశపు జాతీయ రోబోటిక్స్ కార్యక్రమానికి రూపం ఇచ్చినవారిలో ఆయనా ఒకరు.

చివరకు 2014 నవంబరులో నాసా సంస్థ, అమెరికా వైమానిక దళపు పరిశోధనశాల కలిసి ఒక గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ విమానానికి ఉన్న అల్యూమినియం ఫ్లాపులు రెండూ ఊడదీసి, వాటి స్థానంలో వంగే ఫ్లాపులు పెట్టాయి. రెక్కకూ ఫ్లాపుకూ మధ్య సందు లేకుండా చర్మంలా సాగే భాగం అమర్చారు. 2015 ఏప్రిల్ వరకు 22 సార్లు ఎగిరింది. పైకి 2 డిగ్రీలనుంచి కిందికి 30 డిగ్రీల దాకా వంపు పరీక్షించారు.

ఇక్కడ ఒక సంగతి నాకు బాగా నచ్చింది. ఆ ఫ్లాపు ఎగురుతూ ఎగురుతూ వంగగలదు. అయినా ఆ 22 పరీక్షల్లో నేలమీదే ఒక వంపు పెట్టి, దాన్ని బిగించి, ఎగిరి, దిగి, మళ్ళీ ఇంకో వంపు పెట్టారు. గొప్పలు చూపించుకునే తొందర లేదు. పైలట్ ప్రాణం ముఖ్యం. తరువాత శబ్ద పరీక్షలు చేశారు. ఈ ఫ్లాపుకు తోడు చక్రాల దగ్గర మరికొన్ని మార్పులు చేస్తే, దిగేటప్పుడు విమానం ఒంటినుంచి పుట్టే మోత 70 శాతానికి పైగా తగ్గిందని 2018లో నాసా ప్రకటించింది. విమానాశ్రయం పక్క బస్తీల్లో పిల్లల్ని నిద్రపుచ్చే తల్లులకు దీని విలువ తెలుస్తుంది.

అలాగని గల్ఫు విమానాలకు రేపే ఈ రెక్కలు వస్తాయని చెప్పను. మనం ఎక్కే ప్రయాణికుల విమానాలకు నేటికీ కీళ్ళ ఫ్లాపులే ఉన్నాయి. 1980లో పట్టా, 2014లో విమానం. మధ్యలో 34 సంవత్సరాలు! పరిశోధన అంటే ఇది అని పిల్లలకూ చెప్పాలి, తల్లిదండ్రులకూ చెప్పాలి.

పక్షి యంత్రాలు ఎంతవరకు వచ్చాయి?

శ్రీధర్ గారిది పక్షిలా వంగే రెక్క. మన ఫిట్టరు కొడుకు చేయాలనుకునేది పక్షిలా ఎగిరే యంత్రం. రెండూ దగ్గరి చుట్టాలే. 2011లో జర్మనీలోని ఫెస్టో కంపెనీ ఒక సముద్రపు పక్షిని పోలిన యంత్రాన్ని ఎగరేసింది. రెక్కల వెడల్పు సుమారు 2 మీటర్లు, బరువు 450 గ్రాములే. అంటే అరకిలో చక్కెర పొట్లం కంటే తక్కువ. రెక్కలు ఆడిస్తూ, వాటిని మెలిపెడుతూ తనంతట తానే నేలమీదనుంచి లేచింది.

2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నిజమైన పావురం ఈకలు 40 తీసుకుని ఒక యంత్రానికి రెక్కలు కట్టారు. ఎగిరేటప్పుడు ఈకలమధ్య సందు ఎందుకు పడదు అనే పాత ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. పక్కపక్కనున్న ఈకలకు కంటికి కనబడనంత చిన్న కొక్కేలు ఉన్నాయి. రెక్క చాపితే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ముడిస్తే వాటంతటవే వదిలేస్తాయి. బూట్లకూ సంచులకూ ఉండే అతుక్కునే పట్టీ మీకు తెలుసు గదా, అలాంటిదే. గుడ్లగూబ ఈకలకు ఈ కొక్కేలు లేవట. ఉంటే విడిపోయేటప్పుడు చప్పుడవుతుంది. చప్పుడైతే ఎలుక పారిపోతుంది!

2024లో స్విట్జర్లాండులోని లొజాన్ నగరంలో కాకిని చూసి ఒక యంత్రం చేశారు. దానికి కాళ్ళున్నాయి. నడుస్తుంది, గెంతుతుంది, గెంతిన ఊపుతోనే గాలిలోకి లేస్తుంది. చిన్న విమానానికి కూడా పరుగెత్తడానికి చదునైన నేల కావాలి. కాకికి గోడ చాలు. వరదలో చిక్కిన ఊరికి మందులు చేర్చాలంటే ఏది పనికివస్తుందో మీరే ఆలోచించండి.

రైతు సోదరులకు ఆసక్తి కలిగించే మాట ఇంకొకటి ఉంది. ఆర్మూరు వైపు ఎర్రజొన్న వేసినవారికి పిట్టల బాధ తెలుసు. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పి తిప్పి భుజాలు పడిపోతాయి. పిల్లల బడి పోతుంది. నెదర్లాండ్స్ దేశంలో డేగ రూపంలో ఒక యంత్రం చేసి, పొలాల్లో వాలిన పక్షుల మీదికి పంపారు. 2022లో ఫలితాలు అచ్చయ్యాయి. పంపిన ఐదు నిమిషాల్లోపే పొలాలు ఖాళీ అయ్యాయి. దిష్టిబొమ్మకు అలవాటుపడినట్టు పిట్టలు దీనికి అలవాటుపడలేదు. అయితే దాని రెక్కలు ఆడవు, రెక్కలకు చిన్న పంకాలు బిగించారు. బ్యాటరీ పావుగంట వరకే వస్తుంది, నడపడానికి నేర్చిన మనిషి కావాలి. రోజంతా పావుగంటకోసారి బ్యాటరీ మార్చుకుంటూ కూర్చోవడం మన రైతుకు కుదిరే పనేనా? ఆ బ్యాటరీ బరువు తగ్గించడం, రెక్క ఆడించి శక్తి ఆదా చేయడం ఎవరో ఒకరు కూర్చుని చేయవలసిన పని.

ఇక డబ్బు మాట. ఆ తండ్రి భయంలో సగం దీనిగురించే. పరిశోధన అంటే ఇంకో పొలం అమ్మాలని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఇంజనీరింగ్ ముగించినవారు గేట్ అనే పరీక్ష రాయవచ్చు. ఏడాదికి ఒకసారి, ఫిబ్రవరిలో జరుగుతుంది. మంచి మార్కులు వస్తే ప్రభుత్వ సంస్థల్లో ఎం.టెక్. చదివేటప్పుడు నెలనెలా ఉపకార వేతనం ఇస్తారు. ఆపైన జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ వస్తే, 2023లో సవరించిన ప్రకారం నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరువాత 42,000. పరీక్ష గట్టిది, అందరికీ రాదు. వచ్చినవారు మాత్రం తల్లిదండ్రుల మీద భారం వేయకుండా చదువుకోవచ్చు. అమెరికాకే పోనక్కరలేదు కూడా. శ్రీధర్ కోట గారి దగ్గర మిషిగాన్‌లో డాక్టరేటు చేసిన జి.కె. అనంతసురేశ్ గారు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఇదే విద్యను పెంచారు. 2010లో భట్నాగర్ పురస్కారం పొందారు.

ఈ సంగతులన్నీ ఆ తండ్రికి ఒక సాయంత్రం వాళ్ళింట్లో కూర్చుని చెప్పాను. రైట్ సోదరుల తండ్రి సంగతి కూడా చెప్పాను. ఇద్దరు కొడుకులూ ఒకే విమానంలో ఎప్పుడూ ఎక్కవద్దని, ప్రమాదం జరిగితే ఒక్కడైనా మిగలాలని ఆ బిషప్పు మాట తీసుకున్నాడు. భయం ఆయనకూ ఉంది. 1910 మే 25న ఒక్కసారి మాత్రం ఇద్దరూ కలిసి ఎగరడానికి ఒప్పుకున్నాడు. అదే రోజు, 81 ఏళ్ళ వయసులో, ఆర్విల్ పక్కన కూర్చుని తానూ ఎగిరాడు. ఏడు నిమిషాలు గాలిలో ఉన్నాడు. దిగమని అనలేదు, ఇంకా పైకి పొమ్మన్నాడు.

తండ్రి ఏమీ అనలేదు. గేట్ పరీక్షకు ఒక్క ఏడాది గడువు ఇస్తానన్నాడు, రాకపోతే హైదరాబాదు ఉద్యోగం చూసుకోవాలన్నాడు. అబ్బాయి ఒప్పుకున్నాడు. నేను చెప్పులు వేసుకుంటుంటే, అరుగు మీద పెట్టిన వెదురు రెక్కను ఆయన చేతిలోకి తీసుకుని, మోటారు దగ్గర బోల్టును వేలితో ఊపి చూశాడు.

“సందున్నది బిడ్డా ఈడ. రెండు దినాలల్ల అరుగుతది. వాషర్ తే, నేను బిగిస్త.”